హాస్టల్ పిల్లల కడుపులో పురుగులు: ఏ పరీక్ష ఎప్పుడు చేయించాలి?

గురుకులమైనా, ఏజెన్సీలోని ఆశ్రమ పాఠశాలైనా, బాలసదనమైనా, ట్రస్టు నడిపే పిల్లల హోమ్ అయినా, కడుపునొప్పి అంటూ ఓ పిల్ల వచ్చిందంటే ముందు వినిపించే మాట ఒకటే: "పురుగుల మాత్ర వేశాం కదా!" వేసిన మాట నిజమే. 2015 నుంచి జాతీయ నులిపురుగుల నిర్మూలన దినోత్సవం పేరుతో ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న 1 నుంచి 19 ఏళ్ల వాళ్లకి ఆల్బెండజోల్ ఇస్తున్నారు. ఆ రోజు రాని పిల్లలకి వారం తర్వాత మాప్-అప్ డే పెట్టి మరీ ఇస్తున్నారు. మంచి కార్యక్రమం. దాని మీద నాకే అభ్యంతరమూ లేదు.

కానీ ఆ మాత్ర గురిపెట్టింది మట్టి ద్వారా వచ్చే మూడు రకాల మీద: ఏలికపాములు, కొంకిపురుగులు, కొరడాపురుగులు. 400 మిల్లీగ్రాముల ఒక్క డోసుతో ఏలికపాములు దాదాపుగా పోతాయి, కొంకిపురుగులు చాలావరకు పోతాయి, కొరడాపురుగులు మాత్రం చాలామందిలో మిగిలిపోతాయి. ఇక హాస్టల్లో ఒక మంచం నుంచి ఇంకో మంచానికి పాకేవి వేరే ఉన్నాయి. జియార్డియా అనే కంటికి కనిపించని సూక్ష్మజీవి, రాత్రిపూట ఆసనం దగ్గర దురద పుట్టించే పిన్‌వర్మ్, ల్యాబు వాళ్లు హైమెనోలెపిస్ నానా అని రాసే పొట్టి బద్దెపురుగు. వీటికి మట్టితో పనే లేదు. ఏలికపాము గుడ్డు బయటపడ్డాక నేలలో రెండు మూడు వారాలు ఉంటే గానీ ఇంకొకరికి అంటదు. జియార్డియా సిస్టు (గట్టి పొర చుట్టుకున్న దాని రూపం) మలంతో బయటికి వచ్చిన క్షణం నుంచే అంటుకుంటుంది, పదో పాతికో లోపలికి వెళ్తే చాలు. పొట్టి బద్దెపురుగు గుడ్డుదీ అదే తీరు. పిన్‌వర్మ్ గుడ్డుకి కొన్ని గంటలు చాలు.

అందుకే టైల్స్ వేసిన మరుగుదొడ్లు, సిమెంటు నేల, పిల్లల కాళ్లకి చెప్పులు ఉన్న హాస్టల్లో మట్టి పురుగులు తగ్గుతాయి గానీ ఇవి తగ్గవు. ఒకే గదిలో ఇరవై మంది, ఒకరి తువ్వాలు ఇంకొకరు వాడుకోవడం, సబ్బు లేని కుళాయి చాలు వీటికి. ఒక్క డోసు ఆల్బెండజోల్‌కి జియార్డియా లొంగదు. పొట్టి బద్దెపురుగుకి సాధారణంగా ప్రాజిక్వాంటెల్ అనే వేరే మందు కావాలి. పిన్‌వర్మ్‌కి రెండు వారాల తర్వాత మళ్లీ ఇంకో డోసు పడాలి, అదీ గదిలో అందరికీ ఒకేసారి.

మామూలుగా జరిగేదేమిటంటే ఒక డబ్బా, ఒక రోజు, ఒక స్లైడు, "ఓవా, సిస్ట్ నిల్" అని, అంటే గుడ్లూ సిస్టులూ లేవని, రిపోర్టు. ఆ నిల్‌ని పట్టుకుని పిల్ల కడుపునొప్పిని బడి ఎగ్గొట్టే సాకు కింద జమకడతారు. ఇంట్లో ఉన్న పిల్ల అయితే వాళ్లమ్మ "ఇంకోసారి చేయించండి సార్" అని పట్టుబడుతుంది. హోమ్‌లో ఉన్న పిల్ల తరఫున అలా పట్టుబట్టే మనిషి వార్డెనో, మేట్రనో, ఏఎన్ఎమ్మో కావాలి. వాళ్లకి ఏ పరీక్ష అడగాలో తెలియాలి.

ముందు మీ ప్రశ్న ఏదో తేల్చుకోండి

ఒంట్లో బాగాలేని ఒక పిల్లకి ఏముందో తెలుసుకోవడం ఒక పని. హాస్టల్ మొత్తంలో ఏ పురుగు ఎంత ఉందో అంచనా వేయడం ఇంకో పని. మందు పనిచేసిందో లేదో చూడటం మూడోది. ఒకదానికి పనికొచ్చే పరీక్ష ఇంకోదానికి దండగ కావచ్చు. సర్వేలకు పేరుపడ్డ, గుడ్లని లెక్కపెట్టే కాటో-కాట్జ్ పరీక్ష నీళ్ల విరేచనాలతో బాధపడుతున్న పిల్లకి దేనికీ పనికిరాదు. విరేచనాల పిల్లకి బాగా పనికొచ్చే యాంటిజెన్ కార్డు (సూక్ష్మజీవి ప్రోటీన్లని మలంలో పట్టుకునే పరీక్ష) కొంకిపురుగుని అసలు చూడలేదు.

ఒక్క సందర్భంలో మాత్రం ఏ పరీక్ష కోసమూ ఆగకూడదు. పొట్ట ఉబ్బి, వాంతులవుతూ, మలం గానీ గ్యాస్ గానీ పోకుండా మెలిపెట్టే నొప్పి ఉంటే ఏలికపాములు ఉండలుకట్టి పేగుకి అడ్డం పడి ఉండొచ్చు. ఆ పిల్లకి పురుగుల మాత్ర కూడా వేయకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అక్కడ ఎక్స్‌రే, స్కానింగ్ చూసి డాక్టరు నిర్ణయిస్తారు.

స్లైడు మీద చుక్కా, సెంట్రిఫ్యూజ్ చేసిన మడ్డీ

ల్యాబులో మోషన్ టెస్ట్ అంటే నూటికి తొంభైసార్లు చేసేది నేరుగా స్లైడు మీద చూడటమే. గాజుపలకకి ఒకవైపు సెలైన్ చుక్క, ఇంకోవైపు అయోడిన్ చుక్క వేసి, పుల్ల మొనకి అంటినంత మలం అందులో కలిపి, పైన కవర్‌స్లిప్ పెట్టి మైక్రోస్కోపు కింద చూస్తారు. పది నిమిషాల పని. ఖర్చు దాదాపు లేదు. మైక్రోస్కోపు, ల్యాబ్ టెక్నీషియన్ ఉన్న ఏ పీహెచ్‌సీలోనైనా అవుతుంది. దీనికి మాత్రమే ఉన్న గొప్ప గుణం, బతికున్న జీవుల కదలిక కనబడటం. తాజా నీళ్ల విరేచనంలో జియార్డియా రాలుతున్న ఆకులా ఊగుతూ పోవడం ఒక్కసారి చూసిన టెక్నీషియన్ మళ్లీ పొరబడడు.

లోపం కూడా పెద్దదే. ఆ పుల్ల మొన మీద ఉన్నది సుమారు 2 మిల్లీగ్రాములు. పిల్ల ఒక్కసారి విసర్జించేది పదుల గ్రాములు. కడుపులో ఆడ ఏలికపాము ఉంటే ఫరవాలేదు, అది రోజుకి రెండు లక్షల గుడ్లు పెడుతుంది కాబట్టి 2 మిల్లీగ్రాముల్లోనూ దొరుకుతుంది. నాలుగైదు కొంకిపురుగులున్న పిల్ల, కొద్దిపాటి బద్దెపురుగులున్న పిల్ల అలా దొరకరు. జియార్డియా అయితే ఒకరోజు సిస్టులు కుప్పలుగా వదిలి మర్నాడు అసలు వదలదు.

ఈ లోటు తీర్చేది కాన్సంట్రేషన్ పద్ధతి. ఫార్మాల్-ఈథర్ అని అడిగితే ల్యాబు వాళ్లకి వెంటనే అర్థమవుతుంది. సుమారు ఒక గ్రాము మలాన్ని 10 శాతం ఫార్మలిన్‌లో కలిపి, వడగట్టి, ఈథర్ గానీ ఇథైల్ ఎసిటేట్ గానీ పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. కొవ్వూ పీచూ పైకి తేలిపోతాయి. గుడ్లూ సిస్టులూ అడుగుకి దిగుతాయి. ఆ అడుగు మడ్డిని స్లైడు మీద వేస్తే, పుల్ల మొనకి బదులు ఒక గ్రాములో ఉన్నదంతా కళ్ల ముందుకొస్తుంది. ఏలికపాము, కొరడాపురుగు, కొంకిపురుగు, పొట్టి బద్దెపురుగుల గుడ్లు, జియార్డియా, అమీబా సిస్టులు అన్నీ ఇందులో దొరుకుతాయి. ఇంకో లాభం, ఫార్మలిన్‌లో వేసిన నమూనా పాడవదు, మండల కేంద్రానికి మర్నాడు పంపినా ఫరవాలేదు. కదిలే జీవులు మాత్రం ఫార్మలిన్‌లో చచ్చిపోతాయి. అందుకే తాజా చుక్క, కాన్సంట్రేషన్ రెండూ కలిపి చేయించడమే సరైనది. ఈథర్‌కి ఇట్టే నిప్పంటుకుంటుంది కాబట్టి ఇది ల్యాబులో చేయాల్సిన పని, హాస్టల్ సిక్ రూములో కాదు.

కొన్నిచోట్ల ఉప్పు ద్రావణంలో గుడ్లని తేల్చే పద్ధతి చేస్తారు. చవక, కొంకిపురుగు గుడ్లకి బాగుంటుంది. కానీ ఫలదీకరణ కాని ఏలికపాము గుడ్లు అందులో తేలవు, జియార్డియా సిస్టులు ముడుచుకుపోతాయి. హాస్టల్ పిల్లల కోసం రెండింట్లో ఒకటి ఎంచుకోమంటే నేను ఫార్మాల్-ఈథర్‌నే ఎంచుకుంటాను.

పరీక్ష సగం గెలిచేది డబ్బా దగ్గరే

ఎంత మంచి ల్యాబైనా నమూనా సరిగా లేకపోతే చేసేదేమీ లేదు. హాస్టళ్లలో ఎక్కువ తప్పులు జరిగేది కూడా ఇక్కడే.

ఒక్క నమూనాతో వచ్చిన నిల్‌ని నిల్‌గా తీసుకోవద్దు. రోజు విడిచి రోజు మూడు నమూనాలు, పది రోజుల్లోపు ఇవ్వాలి. జియార్డియాని ఒక్క నమూనా సగం నుంచి డెబ్భై శాతం మందిలో పట్టుకుంటే, మూడు నమూనాలు తొంభై శాతం దాకా పట్టుకుంటాయి. నీళ్ల విరేచనమైతే అరగంటలో, మెత్తటిదైతే గంటలో స్లైడు మీదికి చేరాలి. గట్టిదైతే ఆరోజు లోపల చేరినా చాలు. అంటే విరేచనాలున్న పిల్లని డబ్బాతోపాటు ల్యాబుకే తీసుకెళ్లి అక్కడే నమూనా ఇప్పించడం మేలు. పొద్దున ఆరింటికి పట్టిన నీళ్ల విరేచనాన్ని పదకొండింటికి అటెండర్ చేత పంపితే అందులో కదిలేదేదీ మిగలదు.

మన మరుగుదొడ్లలో నమూనా పట్టడం పిల్లలకి నిజంగా కష్టం. పాత పేపరు పరిచి, దాని మీద కూర్చోబెట్టి, మధ్యభాగం నుంచి, జిగురో రక్తమో కనిపిస్తే అక్కడి నుంచి, పుల్లతో తీసి వెడల్పు మూతి ఉన్న పొడి డబ్బాలో వేయమని చెప్పాలి. మూత్రం కలవకూడదు, ఫినాయిల్ తగలకూడదు, నేల మీది మట్టి అంటకూడదు. మట్టిలో స్వేచ్ఛగా బతికే సూక్ష్మ పురుగులుంటాయి, అవి కలిస్తే రిపోర్టే తప్పుదారి పడుతుంది. డబ్బా మీద పేరు, వయసు, గది నంబరు, తేదీతోపాటు పట్టిన టైము కూడా రాయాలి. టైము రాసి ఉంటే ల్యాబు వాళ్లు దాన్ని బట్టి వరుస మారుస్తారు.

మందుల సంగతి ఇంకా ముఖ్యం. చాలా హాస్టళ్లలో రెండు మోషన్లు పల్చగా అవగానే జియార్డియా, అమీబాలకి వాడే మెట్రోనిడజోల్ వేసేస్తారు. ఆ తర్వాత నమూనా పంపితే జియార్డియా గానీ అమీబా గానీ కనబడవు, పోయాయని నమ్మడానికీ ఉండదు. యాంటిబయాటిక్, మెట్రోనిడజోల్ వాడాక రెండు మూడు వారాలు ఆగితే గానీ మల పరీక్షకి అర్థం ఉండదు. ఓఆర్ఎస్ వెంటనే మొదలుపెట్టండి, నమూనా పట్టాకే మందు సంగతి డాక్టర్ని అడగండి.

ఇక పిల్ల మలంలోనో, వాంతిలోనో పురుగే కనబడితే దాన్ని పారేయొద్దు. సెలైన్ గానీ స్పిరిట్ గానీ పోసిన సీసాలో వేసి ల్యాబుకి పంపండి. దానికి మించిన రుజువు లేదు.

కాటో-కాట్జ్: లెక్క కావాల్సినప్పుడు

జపాన్‌లో కాటో మొదలుపెట్టిన పద్ధతిని బ్రెజిల్‌లో కాట్జ్ బృందం 1972లో కొలతలోకి తెచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్వేలకి వాడమనే పద్ధతి ఇదే. చిన్న రంధ్రమున్న ప్లాస్టిక్ అచ్చులో మలాన్ని నింపితే సరిగ్గా 41.7 మిల్లీగ్రాములు పడుతుంది. దాని మీద గ్లిజరిన్‌లో నానబెట్టిన సెలోఫేన్ ముక్క పెట్టి అదిమి, కనిపించిన గుడ్లని లెక్కపెట్టి 24తో గుణిస్తే గ్రాముకి ఎన్ని గుడ్లో వస్తుంది. ఏలికపాముల గుడ్లు గ్రాముకి 5,000 దాటితే మధ్యస్థం, 50,000 దాటితే తీవ్రం. కొంకిపురుగులకి 2,000, 4,000 అవే గీతలు. కొరడాపురుగులకి 1,000, 10,000.

ఒక పిల్లకి వైద్యం చేయడానికి ఈ లెక్కతో పెద్దగా పనిలేదు. హాస్టల్ మొత్తానికి, లేదా ఒక ఐటీడీఏ పరిధిలోని ఆశ్రమ పాఠశాలలన్నింటికీ, ఏడాదికి ఒక డోసు చాలా రెండు కావాలా అని తేల్చడానికి ఇదే సరైన పనిముట్టు. నూటికి 20 మందిలో మట్టి పురుగులుంటే ఏడాదికోసారి, 50 మందిలో ఉంటే రెండుసార్లు అందరికీ ఇవ్వాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. దానికోసం అందరినీ పరీక్షించనక్కర్లేదు, బడికి ఒక యాభై మంది పిల్లల నమూనాలు తీసుకోవడం సర్వేల్లో వాడుక. ఒక జాగ్రత్త: కొంకిపురుగు గుడ్లు గ్లిజరిన్‌లో గంట దాటితే కరిగిపోయినట్టు మాయమవుతాయి. పొద్దున చేసిన స్లైడ్లని సాయంత్రం తీరిగ్గా చూస్తే ఏజెన్సీ పిల్లల్లో కొంకిపురుగే లేదని తేలుతుంది. జియార్డియా, పిన్‌వర్మ్‌ల సంగతి ఇది అసలు చెప్పదు, నీళ్ల విరేచనం మీద చేయలేం.

టేపు పరీక్ష: అందరూ వదిలేసేది, హాస్టల్‌కి అత్యవసరమైనది

పిల్ల రాత్రిళ్లు నిద్రలో కదులుతుంటుంది, వెనక గోక్కుంటుంది, పొద్దున చిరాకుగా లేస్తుంది. ఆడపిల్లలకి ఒక్కోసారి మూత్రం దగ్గర మంట కూడా ఉంటుంది. ఆ పిల్లకి మోషన్ టెస్ట్ రాయిస్తారు, నిల్ వస్తుంది. రాకుండా ఎలా ఉంటుంది? పిన్‌వర్మ్ పేగులో గుడ్లు పెట్టదు. రాత్రి పిల్ల నిద్రపోయాక ఆడపురుగు ఆసనం బయటికి వచ్చి అక్కడి చర్మం మడతల్లో సుమారు పదివేల గుడ్లు అంటించి చచ్చిపోతుంది. పిన్‌వర్మ్ ఉన్న నూరుమందిలో మలంలో గుడ్లు కనబడేది ఐదు నుంచి పదిహేను మందిలోనే.

1941లో గ్రాహమ్ చెప్పిన పద్ధతి ఇప్పటికీ దీనికి సాటిలేనిది. స్టేషనరీ షాపులో దొరికే మామూలు పారదర్శక సెలోటేపు, గాజు స్లైడు, ఐస్‌క్రీమ్ పుల్లలాంటి చెక్క. టేపు మసకగా ఉండే రకం అయితే మైక్రోస్కోపు కింద ఏమీ కనబడదు. రెండు మూడంగుళాల టేపుని జిగురు బయటికి ఉండేలా చెక్క చివర చుట్టి, ఆసనం చుట్టూ మడతల మీద అన్నివైపులా అద్ది, ఆ టేపుని జిగురు కిందికి ఉండేలా స్లైడు మీద అతికించాలి. బుడగలు లేకుండా బొటనవేలితో సరిచేయాలి. గుడ్డు ఒకవైపు చదునుగా, ఇంకోవైపు ఉబ్బెత్తుగా, గాజులా పారదర్శకంగా ఉంటుంది. ఒకసారి చూసినవాళ్లు మర్చిపోరు. ఒకరోజు చేస్తే ఉన్నవాళ్లలో సగంమందే దొరుకుతారు, వరసగా మూడు రోజులు చేస్తే తొంభై శాతం మంది దొరుకుతారు.

హాస్టల్లో దీనికి అడ్డం వచ్చేది టైమే. పిల్ల నిద్రలేచి, బాత్రూముకి వెళ్లకముందే, స్నానం చేయకముందే తీయాలి. పొద్దున ఐదింటికి బెల్లు కొట్టగానే పిల్లలంతా నీళ్ల దగ్గరికి పరిగెత్తే చోట, బెల్లుకి పావుగంట ముందే ఆ గదిలోకి వెళ్లాలి. అందుకని రాత్రే స్లైడ్లకి నంబర్లు వేసి సిద్ధం చేసుకోండి.

ఇంకో విషయంలో మాత్రం ఏ తొందరా పనికిరాదు. ఇది పిల్లల శరీరంలో వాళ్లకి మాత్రమే చెందిన చోటు. వివరంగా చెబితే ఎనిమిది తొమ్మిదేళ్లు దాటిన పిల్లలు గదిలో తలుపు వేసుకుని తామే టేపు అద్దుకోగలరు. ముందురోజు ఒక బొమ్మ మీదో, చేతి మీదో చేసి చూపించండి. చిన్నపిల్లలకి రోజూ వాళ్లని చూసుకునే ఆయానో, ఏఎన్ఎమ్మో చేయాలి. ఆడపిల్లలకి ఆడవాళ్లే చేయాలి, ఇంకో మహిళా సిబ్బంది పక్కన ఉండాలి. వద్దన్న పిల్లని బలవంతపెట్టకూడదు. హోమ్‌కి వచ్చేముందు ఎలాంటి బాధ పడి వచ్చారో తెలియని పిల్లలు వీళ్లలో ఉంటారు. ఒక పరీక్ష తప్పిపోతే నష్టం కొంచెమే. గదిలో మిగతావాళ్ల ఫలితాన్ని బట్టి ఆ పిల్లకీ మందు ఇవ్వొచ్చు. ఈ పరీక్ష ఎంత తేలికో తెలియాలంటే జపాన్‌ని చూడండి. అక్కడ ప్రాథమిక పాఠశాల పిల్లలకి దశాబ్దాలపాటు ఏటా టేపు పరీక్ష చేయించారు, పొద్దున ఇంట్లోనే తీసి బడికి తెచ్చేవాళ్లు. పిన్‌వర్మ్ బాగా తగ్గిపోయాకే, 2016లో, దాన్ని తప్పనిసరి జాబితాలోంచి తీసేశారు.

యాంటిజెన్ కార్డు, పీసీఆర్

విరేచనాలు వారాల తరబడి ఆగకపోతే, మలం జిడ్డుగా, దుర్వాసనగా పోతుంటే, పిల్ల బరువు పెరగకపోతే, మూడు నమూనాలు పట్టడం కుదరకపోతే జియార్డియా యాంటిజెన్ పరీక్షకి డబ్బు పెట్టొచ్చు. స్లైడు కన్నా ఖరీదు ఎక్కువే. కానీ ఒక్క నమూనాతోనే స్లైడు కన్నా ఎక్కువమందిని పట్టుకుంటుంది, టెక్నీషియన్ కంటి అనుభవం మీద అంతగా ఆధారపడదు. కొన్ని కార్డులు విరేచనాలు తెచ్చే క్రిప్టోస్పోరిడియం అనే ఇంకో సూక్ష్మజీవిని కూడా కలిపి చూస్తాయి. హెచ్ఐవీ ఉన్న పిల్లలున్న హోమ్‌లలో అది చాలా అవసరం, మామూలు అయోడిన్ స్లైడులో అది కనిపించదు.

అమీబా విషయంలో ఒక చిక్కుంది. జబ్బు చేసే ఎంటమీబా హిస్టోలిటికా, ఏ హానీ చేయని ఎంటమీబా డిస్పార్ రెండింటి సిస్టులూ మైక్రోస్కోపు కింద ఒకేలా ఉంటాయి. ఏ ఇబ్బందీ లేని పిల్ల రిపోర్టులో సిస్టులు కనబడగానే కోర్సుమీద కోర్సు మెట్రోనిడజోల్ మింగించడం అన్యాయం. తేడా చెప్పేది ఆ రకానికే ప్రత్యేకమైన యాంటిజెన్ పరీక్ష, లేదా డీఎన్ఏని చూసే పీసీఆర్. మలంలో రక్తమూ, జ్వరమూ ఉండి స్లైడులో ఎర్రకణాలు మింగిన అమీబా కనబడితే మాత్రం ఆ సందేహం పెట్టుకోనక్కర్లేదు.

పీసీఆర్ ప్యానెళ్లు పెద్ద నగరాల ల్యాబుల్లో దొరుకుతున్నాయి, ధర వేలల్లో ఉంటుంది. ఒక్క పిల్ల జబ్బు ఏ పరీక్షకీ చిక్కనప్పుడు స్పెషలిస్టు అడిగితే సరే. ముప్పైమంది ఉన్న హోమ్‌కి దాత డబ్బుతో అందరికీ పీసీఆర్ చేయిస్తానంటే, ఆ డబ్బుతో మూడు రోజుల నమూనాలూ టేపు స్లైడ్లూ చేయించి, మిగిలింది సబ్బుకీ, తలా ఒక తువ్వాలుకీ పెట్టమంటాను.

పరీక్షలు కానివి

ముఖం మీద తెల్లమచ్చలు, నిద్రలో పళ్లు కొరకడం, తీపి మీద యావ. ఈ మూడింటినీ మనవాళ్లు పురుగులకి గుర్తులంటారు. తెల్లమచ్చలు ఎక్కువసార్లు పొడిచర్మం వల్ల వచ్చేవే. వీటిని చూసి పురుగులున్నాయనీ, లేవనీ తేల్చలేం. రక్తంలో ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు పెరిగితే కొంకిపురుగులాంటివి ఉన్నాయేమోనని అనుమానించొచ్చు, అంతే. జియార్డియా, పిన్‌వర్మ్‌లకి అవి మామూలుగా పెరగవు కాబట్టి నార్మల్ ఉందని ఊరట పడటానికీ లేదు.

హిమోగ్లోబిన్ మాత్రం తప్పక చూడండి. పరీక్షగా కాదు, నష్టం ఎంతో తెలియడానికి. ఒక్కో కొంకిపురుగు రకాన్ని బట్టి రోజుకి 0.03 నుంచి 0.2 మిల్లీలీటర్ల దాకా రక్తం పోగొడుతుంది. వంద పురుగులున్న ఎదిగే ఆడపిల్లకి ఐరన్ మాత్రలు ఎన్ని ఇచ్చినా కుండకి చిల్లు ఉన్నట్టే.

మరి మీరు ఏది ఎంచుకోవాలి?

ఏజెన్సీ ఆశ్రమ పాఠశాల, మూడు వందల మంది, సెలవులకి ఊళ్లకి వెళ్లి చెప్పుల్లేకుండా తిరిగి వచ్చే పిల్లలు అయితే మాత్ర ఎవరికీ పరీక్ష లేకుండానే ఏటా రెండుసార్లు ఇవ్వండి. అక్కడ ఒక్కొక్కరిని పరీక్షించి ఇవ్వడం కాలయాపన. ఆల్బెండజోల్ చవక, భద్రమైనది. ప్రపంచమంతా అలాగే ఇస్తుంది. పరీక్షల శక్తిని రెండు చోట్ల పెట్టండి: ఏడాదికోసారి యాభైమంది నమూనాల మీద కాటో-కాట్జ్, మాత్ర వేశాక కూడా రక్తహీనత తగ్గని పిల్లలకి కాన్సంట్రేషన్. కొంకిపురుగు ఒంట్లోకి వెళ్లాక గుడ్లు పెట్టడానికి ఐదు నుంచి తొమ్మిది వారాలు, ఏలికపాముకి రెండు మూడు నెలలు పడుతుంది. అందుకే బడి తెరిచిన జూన్ రెండో వారంలో తీసిన నమూనా వేసవిలో అంటినదాన్ని చూపించకపోవచ్చు. ఆగస్టు మాత్రకి ముందు వారం తీస్తే నిజం ఎక్కువ తెలుస్తుంది.

పట్నంలో ముప్పై నలభైమంది చిన్నపిల్లలున్న హోమ్ అయితే లెక్క తిరగబడుతుంది. అక్కడ టేపు పరీక్షకే మొదటి స్థానం. ఒక గదిలో ఇద్దరు ముగ్గురికి వస్తే మిగతావాళ్లని పరీక్షించకుండా గది మొత్తానికీ, ఆయాలకీ మందు ఇప్పించి, రెండు వారాలకి మళ్లీ ఇవ్వండి. విరేచనాలూ, బరువు తగ్గడమూ ఉన్నవాళ్లకి తాజా చుక్కా, కాన్సంట్రేషనూ మూడుసార్లు. ఇద్దరిలో జియార్డియా గానీ పొట్టి బద్దెపురుగు గానీ తేలితే ఆ గదిలో అందరి నమూనాలూ, వంటవాళ్లవీ పంపండి. కొత్తగా చేరే పిల్లకి వైద్యపరీక్ష చేయించడం, ఆరోగ్య ఫైలు తెరవడం బాలల న్యాయ చట్టం 2015 కింది మోడల్ రూల్స్‌లో ఉన్నదే. ఆ ఫైల్లో ఒక మల పరీక్ష, ఆరు వారాల తర్వాత ఇంకొకటి చేర్చండి. ఫలితాలు ఫైల్లో ఉండాలి గానీ అసెంబ్లీలో చదవకూడదు. "పురుగుల పిల్ల" అన్న పేరు పడితే ఆ పిల్ల ఇక నొప్పి అని నోరు విప్పదు.

ఇక స్టెరాయిడ్లు మొదలుపెట్టబోతున్న పిల్ల ఎవరైనా ఉంటే, స్ట్రాంగిలాయిడిస్ అనే పేగు పురుగు గురించి డాక్టర్ని అడగండి. మామూలు స్లైడు దాన్ని తరచూ వదిలేస్తుంది, స్టెరాయిడ్లతో అది ప్రాణం మీదికి తెస్తుంది. దానికి వేరే పరీక్షలున్నాయి.

రిపోర్టు వచ్చాక

ఎంటమీబా కోలై, ఎండోలైమాక్స్ నానా లాంటి అమీబా రకాల పేర్లు కనబడితే మందు అక్కర్లేదు. అవి హాని చేయవు. కానీ ఆ పిల్ల నోటికి ఎవరిదో మలం చేరిందని అవి చెబుతున్నాయి. ఐదారుగురిలో అవే వస్తే ఆర్వో ప్లాంటూ, వాటర్ ట్యాంకూ, వంటగది కుళాయీ చూడాల్సిన రోజది. ఎండోలైమాక్స్ నానా వేరు, హైమెనోలెపిస్ నానా వేరు. "నానా" అని మాత్రమే చదివి ఒకదానికి బదులు ఇంకోదానికి మందు ఇవ్వకండి.

మందు పనిచేసిందా అని చూసే పరీక్షకి తొందరపడొద్దు. మట్టి పురుగులకి రెండు మూడు వారాల తర్వాత మల పరీక్ష చేస్తే సరిపోతుంది. జియార్డియాకి మందు వాడాక యాంటిజెన్ కొన్నాళ్లు పాజిటివ్‌గానే ఉండొచ్చు కాబట్టి అప్పుడు స్లైడే మేలు, అదీ ఇబ్బందులు తగ్గనివాళ్లకే.

ల్యాబుకి పంపే చీటీలో "స్టూల్ టెస్ట్" అని రెండు ముక్కలు రాయడం ఆపేద్దాం. ఇలా రాయండి: "వయసు 7, హాస్టల్ పిల్ల. మూడు వారాలుగా పల్చటి విరేచనాలు, బరువు తగ్గింది. ఆగస్టు 10న ఆల్బెండజోల్ ఇచ్చాం, మెట్రోనిడజోల్ ఇవ్వలేదు. ఇది మూడింట్లో రెండో నమూనా, ఉదయం 7:20కి పట్టాం. సెలైన్, అయోడిన్, కాన్సంట్రేషన్ చేసి జియార్డియా, హైమెనోలెపిస్ ఉన్నాయేమో ప్రత్యేకంగా చూడగలరు." కింద మీ పేరు, ఫోన్ నంబరు రాయండి. నమూనా చాలకపోతే ల్యాబు వాళ్లు నిల్ రాసేయకుండా మీకు ఫోన్ చేయడానికి వీలవుతుంది.